బెర్నార్డు పాలిసీ అను కుమ్మరి

మన యిండ్లలో పింగాణిగిన్నె పగిలినయెడల అమలాపురము సంతలో మరియొకటి కొని తెచ్చుకొందుము. నాలుగువందల యేండ్లకు పూర్వము ఐరోపాలో అట్లు గాదు. పింగాణి చీనాదేశమునుండి ఓడలమీద వచ్చుచుండెను. దానిని చేయు మర్మము అచ్చటివా రెరుగరు. తెల్లని మెరుగుపూతగల మట్టిపాత్రలైనను ఇటలీ మొదలగు కొన్ని తావులలో మాత్రమే తయారగుచుండెను.

బెర్నార్డు పాలిసీ ఫ్రాన్సు దేశమున సుమారు 1510లో జన్మించెను. గాజుపలకలపై చిత్రములు వ్రాయుటయు, భూములు కొలుచుటయు అతని వృత్తులు. షారంతు నదీతీరమందలి సేంతు పట్టణమున కాపురముండగా, తెల్లని మెరుగుగల యొక గిన్నె అతని కంటబడెను. అట్టిదానిని తానును చేయవలెనని పూనుకొనెను. అప్పటికి మట్టిపనిలో ఓనమాలైనను రావు. ఉప్పుమడులను కొలిచి సంపాదించిన ధనమంతయు ఆవమునకే సమర్పించెను. కట్టెలు చాలనినాడు ఇంటి బల్లలను, నేలపై పరచిన పలకలను సైతము మంటలో వేసెనని తానే తన గ్రంథమున వ్రాసికొనినాడు. ఇరుగుపొరుగువారు అతడు దొంగనాణెములు చేయుచున్నాడని గుసగుసలాడిరి. ఈ కథ చెప్పువారు పాలిసీ పట్టుదలను పొగడుదురే గాని అతని యిల్లాలి కష్టమును తలంపరు. ఆమె గద్దించినది తప్పని నాకు తోచదు.

అయినను పాలిసీ ఘనత బల్లలు కాల్చుటలో లేదు. చీనావారి పింగాణి అతనికి దొరకనేలేదు; ఆ మర్మము 1708 ప్రాంతమున జర్మనీలోని సాక్సనీయందు బోట్గరు మొదలగువారికి పట్టువడెను. ఇటలీవారి చిత్రములను చూచి వ్రాయుటకు పాలిసీ పూనుకొనలేదు. మన కోనసీమ పిల్లలు కాలువగట్టున చూచునట్టి చేపలు, కప్పలు, పాములు, బల్లులు, గుల్లలు, ఆకులు — ఇవియే అతని పళ్లెములపై నెక్కెను. చచ్చిన ప్రాణిని పళ్లెముపై అమర్చి, దానినుండి అచ్చు తీసి, ఆ అచ్చులో మట్టి నొత్తువాడు. అందుచేత చేపపొలుసు లొక్కొక్కటియు లెక్కింప వీలగును. సీసపు మెరుగులో రాగి కలిపిన పచ్చన, కోబాల్టు కలిపిన నీలము వచ్చును. చిక్కు ఇచ్చటనే యున్నది: పాముల రంగు కరుగకముందే బల్లుల పచ్చన మాడిపోవుచుండెను. అన్ని రంగులును ఒకే వేడికి కరుగునట్లు కుదుర్చుటకు అతనికి బహుకాలము పట్టెను.

పాలిసీ ప్రొటెస్టంటు మతస్థుడు. అందుకై 1560 దశకమున చెరసాల పాలయ్యెను. అతని పళ్లెముల నాదరించిన మాంమొరాన్సీ ప్రభువు రాజమాత కేథరీనుతో మాటలాడి విడిపించెను. పిమ్మట పారిసులో రాజమాత ఉద్యానమునకై పనిచేసెను. 1575 మొదలు రాళ్లను, నీళ్లను గూర్చి ఉపన్యాసములిచ్చి, రాళ్లలో దొరకు గుల్లలు ఒకప్పటి జీవులవే యని బోధించెను. 1588లో మరల పట్టుబడెను. ఈమారు విడిపించువారు లేరైరి. మతము మార్చుకొనక, ఎనుబదియేండ్ల వృద్ధుడై 1590 ప్రాంతమున బస్తీలు చెరలోనే మరణించెను.

1980 దశకమున లూవ్ర్ రాజభవనము చెంత త్రవ్వకములు జరిపినప్పుడు అతని కర్మశాల అవశేషములు బయల్పడెను. వానిలో ఆ జీవుల అచ్చులును ఉండెను.