అణుశాస్త్రంలో మన తెలుగు స్వామి

చెన్నై తెలుగువారికి కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం కొత్త కాదు. అక్కడ న్యూట్రాన్ తగిలి యురేనియం కేంద్రకం చీలుతుంది. ఆ వేడితో నీరు ఆవిరై టర్బైన్‌ను తిప్పుతుంది, కరెంటు పుడుతుంది.

ఆ న్యూట్రాన్‌ను 1932లో కనుగొన్న చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పరిశోధన చేసిన తెలుగువారు స్వామి జ్ఞానానంద. అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. సన్యసించి హిమాలయాల్లో తపస్సు చేశారు. తర్వాత ఐరోపా వెళ్లి భౌతికశాస్త్రం చదివారు. తిరిగొచ్చాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక విభాగాన్ని నిలబెట్టారు. అక్కడి ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు. 1969లో కన్నుమూశారు.

తెలుగు చదువుకు దూరమవుతున్న మన పిల్లలకు ఈ పేరు ఎవరు చెబుతారు? సంఘంలో మేము చెబుతున్నాం. ఇంట్లో మీరూ చెప్పండి.