హృదయ రహస్యాన్వేషి సిడ్నీ రింగరు

విశ్రాంతి యెరుగని అవయవము హృదయము. అట్టి హృదయమును నేటి శస్త్రవైద్యులు కొన్ని గడియలసేపు ఆపి, విప్పి, బాగుచేసి, మరల నడిపించుచున్నారు. ఈ విద్యకు పునాది వేసినవారిలో సిడ్నీ రింగరు ముఖ్యుడు.

రింగరు 1835లో ఇంగ్లండునందలి నార్విచ్ పట్టణమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. 1854లో లండను యూనివర్సిటీ కళాశాలలో వైద్యవిద్యార్థిగా చేరి, 1863లో ఎం.డి. పట్టమందెను. దానికి అనుబంధమైన వైద్యశాలయందే దీర్ఘకాలము పనిచేసెను. 1869లో ఆయన వెలువరించిన చికిత్సాగ్రంథము అనేక ముద్రణలు పొందెను. రోగులను చూచి, శిష్యులకు బోధించి, మిగిలిన సమయమును ప్రయోగశాలకు వినియోగించెడివాడు.

దేహమునుండి వేరుచేసిన కప్ప గుండె ఏ లవణముల బలముచే కొట్టుకొనునని ఆయన పరిశోధించెను. సోడియము, పొటాసియము లవణములు కలిపిన నీరు చాలునని 1882లో ప్రకటించెను. కాని ఆ ద్రావణమును స్వేదనజలముతో గాక కొళాయినీటితో చేసిరని పిమ్మట తెలిసెను. స్వేదనజలము వాడగా గుండె త్వరలోనే శక్తి తగ్గి ఆగిపోయెను. కొళాయినీటిలోని సున్నపు లవణమే, అనగా కాల్షియమే, దానిని ఆడించుచుండెనని రింగరు గ్రహించెను. తన పూర్వప్రకటనమును దాచక, 1883లో తానే సవరించి ప్రచురించెను. పొటాసియము మితిమీరినచో గుండె సడలి నిలిచిపోవుననియు ఆయన ప్రయోగములు చూపెను.

1885లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా స్వీకరించెను. చిన్ననాడే మరణించిన కుమార్తె స్మృత్యర్థము యార్క్‌షైరునందలి లాస్టింగ్‌హాము గ్రామ దేవాలయమును ఆయన పునరుద్ధరింపజేసెను. 1910లో కాలధర్మము నొంది, ఆ గ్రామముననే సమాధియందు విశ్రమించెను.

1953లో జాన్ గిబ్బను హృదయ శ్వాసకోశ యంత్రముతో తొలి విజయవంతమైన శస్త్రచికిత్స జరిపెను. యంత్రము దేహమునకు రక్తమందించుచున్నను, మహాధమనిని బిగించినప్పుడు గుండె కండరమునకు రక్తము చేరదు. అట్టి సమయమున గుండె కొట్టుకొనుచుండినచో తన శక్తిని తానే హరించుకొనును. నిశ్చలమై చల్లబడినచో దాని అవసరము మిక్కిలి తగ్గును. 1955లో లండనున డెనిస్ మెల్రోజు పొటాసియము సిట్రేటుతో గుండెను ఆపు పద్ధతిని ప్రకటించెను. కాని మోతాదు తీవ్రమగుటచే కండరము చెడుచుండెను. అందుచే వైద్యులు పెక్కుమంది ఆ మార్గమును విడిచిరి. 1970వ దశకమున హర్స్, బ్రెయిమ్‌బ్రిడ్జి అనువారు లండను సెయింట్ థామస్ వైద్యశాలలో తక్కువ పొటాసియముతో, ఇతర లవణములను సరితూచి, చల్లని ద్రావణమును సిద్ధపరచిరి. ఆ కూర్పునకు ఆధారము రింగరు ద్రావణమే. శస్త్రచికిత్స ముగిసి, రక్తము మరల ప్రవహించి పొటాసియమును కడిగివేయగా గుండె తిరిగి స్పందించును.

మన ఆసుపత్రులలో రోగులకెక్కించు రింగర్ లాక్టేట్ సీసాపైనను ఆయన పేరే యున్నది. ప్రయోగమునకు వాడిన నీరు ఎట్టిదని విచారించుట అల్పవిషయముగా తోచవచ్చును. ఆ విచారణయే హృదయమునకు కాల్షియముతోగల సంబంధమును లోకమునకు తెలిపినది.