స్పీకరుపైనే తీర్మానం వచ్చిన నాడు అధ్యక్ష స్థానంలో అనంతశయనం అయ్యంగార్

అధ్యక్షుడిని తొలగించాలని సభ్యుడొకరు సంఘ సమావేశంలో తీర్మానం ప్రతిపాదించారనుకుందాం. ఆ సమావేశాన్ని నడుపుతున్నది ఆ అధ్యక్షుడే అయితే ఏమి చేయాలి? కిరుమాంబాక్కం మొదలుకొని యానాం వరకు ఏ నివాసుల సంఘానికైనా, సహకార సంఘానికైనా ఎదురుకాగల చిక్కు ఇది. 1954 డిసెంబరు 18న లోక్‌సభకే ఎదురైంది. పుదుచ్చేరి పాలన భారతదేశం చేతికి వచ్చి అప్పటికి రెండు నెలలైనా నిండలేదు. నాడు అధ్యక్ష స్థానంలో కూర్చున్న వ్యక్తి తెలుగువారికి సుపరిచితులైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్.

తిరుపతి చెంతనున్న తిరుచానూరులో 1891 ఫిబ్రవరి 4న ఆయన జన్మించారు. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో, ఆపై లా కళాశాలలో చదివారు. కొంతకాలం గణితం బోధించి, తర్వాత చిత్తూరులో న్యాయవాద వృత్తి చేపట్టారు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. వ్యక్తి సత్యాగ్రహంలోను, క్విట్ ఇండియా ఉద్యమంలోను కారాగారవాసం అనుభవించారు. 1948లో ఉపసభాపతి అయ్యారు. ప్రభుత్వ వ్యయాన్ని పరిశీలించే అంచనాల సంఘానికి 1950లో తొలి అధ్యక్షులూ ఆయనే.

ఆయన ఉపసభాపతిగా ఉన్న కాలంలోనే, 1951లో, ముద్గల్ వ్యవహారం బయటపడింది. బొంబాయి బులియన్ వర్తకుల సంఘం నుంచి ప్రతిఫలం పుచ్చుకొని, వారి పక్షాన సభలో ప్రశ్నలు వేశారని, సవరణలు ప్రతిపాదించారని ఆ సభ్యునిపై అభియోగం. టి.టి. కృష్ణమాచారి అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘంలో మన దుర్గాబాయి కూడా సభ్యురాలు. ఆరోపణ రుజువయింది. బహిష్కరణ నిర్ణయానికి ముందే ముద్గల్ రాజీనామా చేసినా, సభ ఆయన ప్రవర్తనను ఖండించక మానలేదు. ప్రతిపాదన వెనుక సొంత లాభం ఉంటే దాని విలువ ఏపాటిదో స్వతంత్ర భారత పార్లమెంటు తొలిసారి తేల్చి చెప్పిన సందర్భమది.

1954 నాటి చిక్కు అంత తేటగా లేదు. స్పీకరు మావలంకర్ పక్షపాతం చూపుతున్నారంటూ విఘ్నేశ్వర్ మిశిర్ తొలగింపు తీర్మానం ప్రతిపాదించారు. పద్నాలుగు రోజుల ముందస్తు నోటీసు ఉండాలని, తన తొలగింపుపై చర్చ సాగుతుండగా స్పీకరు సభలో ఉన్నా అధ్యక్షత వహించరాదని రాజ్యాంగం నిర్దేశించింది. ఆయన మాట్లాడవచ్చు, తొలి విడతలో ఓటు వేయవచ్చు. ఓట్లు సమానమైతే మాత్రం నిర్ణాయక ఓటు లేదు. ఆరోపణకు గురైనవారి నోరు నొక్కకుండా, తీర్పు మాత్రం వారి చేతికి ఇవ్వని ఈ ఏర్పాటు మన సంఘాల నియమావళులలో అరుదుగా కనిపిస్తుంది.

కనుక అధ్యక్షత ఉపసభాపతికి వచ్చింది. మరి ఆయనకు స్వప్రయోజనం లేదా? స్పీకరు పదవి ఖాళీ అయితే ఆ విధులు ఉపసభాపతికే సంక్రమిస్తాయి. తీర్మానం వీగిపోతే, అదే స్పీకరుతో మర్నాటి నుంచి పని చేయాలి. లాభమూ, మొహమాటమూ రెండూ ఉన్నాయన్నమాట. అయినా అది అనర్హత కాదు. లోక్‌సభ నియమాల దృష్టిలో ఓటును ఆక్షేపించడానికి తగిన ప్రయోజనం వ్యక్తిగతమైనది, ధనసంబంధమైనది లేదా ప్రత్యక్షమైనది కావాలి. పదవి వల్ల, వర్గం వల్ల అందరితో పాటు కలిగేది చాలదు. అలాగని చూస్తే, వీధికి దీపాలు కావాలని ఆ వీధివారు ప్రతిపాదించడం తప్పు కాదు. దీపాల కాంట్రాక్టు తనకే రావలసిన సభ్యుడు ఓటు వేస్తేనే ప్రశ్న.

ప్రతిపక్షం తన ఆరోపణలన్నీ వినిపించింది. నెహ్రూ జోక్యం చేసుకొని స్పీకరును సమర్థించారు. చివరకు తీర్మానం వీగిపోయింది. అయ్యంగార్ యథాప్రకారం ఉపసభాపతి స్థానానికి మళ్లారు.

మావలంకర్ 1956 ఫిబ్రవరిలో కన్నుమూయగా, మార్చి 8న అయ్యంగార్ స్పీకరు అయ్యారు. 1957లో మళ్లీ ఎన్నికయ్యారు. ఆ ఏడాది డిసెంబరులో, ముంధ్రా కంపెనీల వాటాలలో జీవిత బీమా సంస్థ పెట్టుబడిపై ఫిరోజ్ గాంధీ లేవనెత్తిన చర్చ ఆయన హయాంలోనే జరిగింది. ప్రధానమంత్రి అల్లుడే ప్రభుత్వాన్ని నిలదీశారు. ఆ వ్యవహారంలో పదవి వదులుకున్న ఆర్థికమంత్రి, ముద్గల్‌ను విచారించిన కృష్ణమాచారే కావడం విచిత్రం.

1962లో బీహారు గవర్నరుగా వెళ్లిన అయ్యంగార్ 1967 వరకు ఆ పదవిలో ఉన్నారు. పార్లమెంటు పనితీరుపై ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. 1978 మార్చి 19న పరమపదించారు.