ధర్మవరం రామకృష్ణమాచార్యులు

ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853 - 1912) సుప్రసిద్ధ తెలుగు నాటక రచయిత, నటుడు, న్యాయవాది. ఆంధ్ర నాటక పితామహుడుగా ఖ్యాతి పొందాడు. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని ధర్మవరంలో జన్మించి, బళ్ళారిలో న్యాయవాదిగా స్థిరపడ్డాడు.

బళ్ళారిలో సరసవినోదినీ సభను స్థాపించి, చిత్రనళీయము మొదలైన స్వీయ నాటకాలను ఔత్సాహిక నటులతో ప్రదర్శించాడు. తానే పాత్రధారి కూడా కావడం వలన రచనలోని గుణదోషాలు రంగస్థలం మీదనే తేలేవి. సంభాషణల నడుమ పాటలు, పద్యాలు చేర్చాడు. నాటకం మంగళాంతం కావలెనన్న సంస్కృత సంప్రదాయాన్ని అతిక్రమించి, విషాద సారంగధర నాటకంతో తెలుగులో విషాదాంత నాటకానికి ఆద్యుడయ్యాడు.

అదే పట్టణంలో కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ తరఫున చారిత్రక నాటకాలు రచించి ఆయనకు దీటుగా నిలిచాడు. రామకృష్ణమాచార్యుల మేనల్లుడైన బళ్ళారి రాఘవ ఈ ఇరువురి నాటకాలలోనూ నటించి మహానటుడుగా ఎదిగాడు.