20 ఏళ్లు పట్టిన టర్బో

పదేళ్లు తిరిగిన డీజిల్ కారు ఒకటి మెకానిక్ షెడ్డుకు వచ్చిందనుకోండి. ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదు. యాక్సిలరేటర్ తొక్కితే ఈల వేసినట్టు శబ్దం. సైలెన్సర్ నుంచి నీలం రంగు పొగ. అనుభవమున్న మెకానిక్ అయితే బానెట్ ఎత్తకముందే టర్బో మీద అనుమానపడతాడు. విప్పి బల్ల మీద పెడితే చూడ్డానికి చిన్న వస్తువే. నత్త గుల్లల్లాంటి రెండు లోహపు డొప్పలు, వాటి మధ్య సన్నని షాఫ్ట్, దాని రెండు చివర్లా రెక్కల చక్రాలు. ఒక చక్రాన్ని ఇంజిన్ వదిలే పొగ తిప్పుతుంది. దాంతోపాటే తిరిగే రెండో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. అంతే.

ఇంత తేలిగ్గా అర్థమయ్యే ఈ ఆలోచన కాగితం మీద నుంచి ఇంజిన్ మీదకు రావడానికి 20 ఏళ్లు పట్టింది. ఆ 20 ఏళ్లూ దాన్ని వదలకుండా పట్టుకున్న మనిషి పేరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి. రెజ్యూమె పంపి 20 రోజులు జవాబు రాకపోతే నీరసపడిపోయే మనం ఒకసారి చదవాల్సిన జీవితం ఆయనది.

ఇంజిన్ల ఊళ్లో పుట్టిన కుర్రాడు

బ్యూకి 1879 జులై 11న స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థర్‌లో పుట్టారు. వింటర్‌థర్ అంటే అప్పట్లో యంత్రాల ఊరు. సుల్జర్ బ్రదర్స్ అనే పెద్ద ఇంజినీరింగ్ కంపెనీ అక్కడే ఉండేది. బ్యూకి తండ్రి అందులో పెద్ద అధికారి. ఇంట్లో మాటలన్నీ బాయిలర్ల గురించీ, పంపుల గురించీ ఉంటే పిల్లాడి చూపు ఎటు పోతుందో మీరే ఊహించుకోవచ్చు.

ఇక్కడో చిన్న సంగతి చెప్పాలి. బ్యూకి పుట్టిన ఏడాదే జర్మనీలో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి టైఫాయిడ్‌తో ఫైనల్ పరీక్షలు రాయలేకపోయాడు. మళ్లీ పరీక్ష పెట్టేదాకా ఖాళీగా ఉండటం ఎందుకని వింటర్‌థర్ వచ్చి, ఇదే సుల్జర్ కంపెనీలో పని నేర్చుకున్నాడు. ఆ విద్యార్థి రుడాల్ఫ్ డీజిల్. తర్వాత ఆయన పేరుతో వచ్చిన ఇంజిన్‌కే బ్యూకి కొత్త ఊపిరి ఇచ్చారు. సప్లిమెంటరీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

బ్యూకి 1899లో జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో చేరారు. ఇప్పుడు ఈటీహెచ్ అంటున్నది అదే. ఆవిరి టర్బైన్ల విషయంలో ప్రపంచం గౌరవించే ఆరెల్ స్టొడోలా అప్పుడు అక్కడ ప్రొఫెసర్. 1903లో మెకానికల్ ఇంజినీర్‌గా డిగ్రీ చేతికొచ్చింది. తండ్రి కంపెనీ ఉన్న ఊళ్లోనే కుర్చీ వేసుకోవచ్చు కదా? ఆయన అలా చేయలేదు. ఉద్యోగానికి బెల్జియం, ఇంగ్లండ్ వెళ్లారు. బెల్జియంలోని గెంట్ నగరంలో కారెల్స్ బ్రదర్స్ అనే కంపెనీ డీజిల్ ఇంజిన్లు తయారుచేసేది. బ్యూకి మనసులో ఒక ప్రశ్న నాటుకున్నది అక్కడే.

ప్రశ్న ఏమిటంటే...

ఇంజిన్‌లో మండిన ఇంధనం శక్తి మొత్తం చక్రాలకు చేరదు. దాదాపు మూడో వంతు పొగతో పాటు వేడిగా బయటికి పోతుంది. ఇంకో పెద్ద వాటా ఇంజిన్‌ను చల్లబరిచే నీటిలో కలిసిపోతుంది. మనం డబ్బు పెట్టి కొన్న ఇంధనంలో పనికొచ్చేది కొంతే.

బ్యూకి ఆలోచన ఇదీ. బయటికి పోయే పొగకు వేడి ఉంది, ఒత్తిడి ఉంది. దాని దారిలో టర్బైన్ పెడితే తిరుగుతుంది. ఆ తిరుగుడుతో గాలిని ఒత్తి సిలిండర్‌లోకి పంపితే, అదే సైజు సిలిండర్‌లో ఎక్కువ గాలి పడుతుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ ఇంధనాన్ని శుభ్రంగా మండించొచ్చు. ఇంజిన్ సైజు పెంచకుండానే పవర్ పెరుగుతుంది.

1905 నవంబర్‌లో దీనికి జర్మనీలో పేటెంట్ వేశారు. అప్పటికి ఆయన వయసు 26. అంటే డిగ్రీ అయి రెండేళ్లు.

కానీ ఆ డ్రాయింగ్ ఇప్పుడు మన బల్ల మీదున్న టర్బోలా ఉండదు. అందులో కంప్రెసర్, పిస్టన్ ఇంజిన్, టర్బైన్ మూడూ ఒకే షాఫ్ట్‌కు కట్టి ఉంటాయి. పొగ నుంచి వచ్చే పవర్ కూడా నేరుగా షాఫ్ట్‌కే చేరాలన్నది ఉద్దేశం. చాలా పెద్ద ఆశ. అప్పటి కాలానికి మరీ పెద్దది.

ఎందుకు కుదరలేదు?

1909 నుంచి బ్యూకి సొంత ఊళ్లో సుల్జర్‌లో పనిచేశారు. 1911 ప్రాంతంలో ప్రయోగాలు మొదలయ్యాయి. ఒత్తిన గాలి ఇస్తే ఇంజిన్ పవర్ పెరుగుతుందని తేలింది. కానీ అమ్ముకోదగ్గ యంత్రం మాత్రం తయారు కాలేదు.

కారణాలు మీ సిలబస్‌లోనే ఉన్నాయి. మొదటిది, మెటీరియల్. ఎర్రగా కాలే పొగలో గంటల తరబడి అతివేగంగా తిరిగే రెక్కలకు తగిన లోహాలు అప్పటికి లేవు. రెండోది, ఎఫిషియెన్సీ. టర్బైన్ ఎఫిషియెన్సీ, కంప్రెసర్ ఎఫిషియెన్సీ ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. ఉదాహరణకు రెండూ 60 శాతం చొప్పున ఉన్నాయనుకోండి. చివరికి మిగిలేది 36 శాతమే. పొగ ఇచ్చే బలం గాలిని ఒత్తడానికే చాలదు, ఇక షాఫ్ట్‌కు ఏం మిగులుతుంది? మూడోది, పొగ వెళ్లే దారిలో టర్బైన్ అడ్డుపడితే పొగ వెనక్కి తన్నుతుంది. సిలిండర్ పూర్తిగా ఖాళీ కాదు.

ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడి విమానం ఇంజిన్లు నీరసపడుతుంటే, ఫ్రాన్స్‌లో ఆగస్ట్ రాటో, అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ పొగతో తిరిగే కంప్రెసర్లు తయారుచేశారు. మాస్ బృందం 1918లో 14,000 అడుగులకు పైగా ఎత్తున్న పైక్స్ పీక్ కొండ మీద ఇంజిన్‌ను పరీక్షించి చూపించింది. ఒక్కసారి బ్యూకి స్థానంలో ఉండి చూడండి. ఐడియా మీది. పేటెంట్ మీది. పుష్కరం దాటింది. పని చేయించి చూపిస్తున్నది మాత్రం వేరేవాళ్లు.

తన ఐడియాను తానే రిపేర్ చేసుకున్నారు

ఇక్కడే మనలో చాలామంది రెండింట్లో ఒకటి చేస్తాం. లోకానికి నా విలువ తెలియలేదని కూర్చుంటాం. లేదంటే ఐడియాయే తప్పని వదిలేస్తాం. బ్యూకి ఈ రెండూ చేయలేదు. మంచి మెకానిక్ పాడైన టర్బోను చూసినట్టు తన డిజైన్‌ను చూశారు. ఏ భాగం పనిచేస్తోంది, ఏది లేదు, ఎందుకు లేదు?

ఆ క్రమంలో మొదటి డ్రాయింగ్‌లోని పెద్ద ఆశ తగ్గింది. టర్బైన్ నుంచి ఇంజిన్ షాఫ్ట్‌కు పవర్ ఇవ్వక్కర్లేదు. కంప్రెసర్‌ను తిప్పితే చాలు. ఒత్తిడి కూడా మరీ ఎక్కువ వద్దు, కొద్దిగా పెంచినా లాభమే.

అసలు మలుపు 1925లో. ఈసారి తన సొంత పేరుతో వేసిన పేటెంట్‌లో ఆయన పొగ గొట్టాల మీద దృష్టి పెట్టారు. అన్ని సిలిండర్ల పొగనూ ఒకే పెద్ద గొట్టంలోకి వదిలితే దాని ఊపు అందులోనే చల్లారిపోతుంది. పైగా ఒక సిలిండర్ వదిలిన పొగ ఇంకో సిలిండర్‌కు అడ్డుపడుతుంది. అందుకని సిలిండర్లను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు విడిగా సన్నని గొట్టం ఇచ్చారు. పొగ దెబ్బ మీద దెబ్బగా టర్బైన్‌ను తాకుతుంది. రెండు దెబ్బల మధ్య గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. సరిగ్గా ఆ క్షణంలో రెండు వాల్వులూ కాసేపు తెరిచి ఉంచితే, కొత్త గాలి లోపలికొచ్చి మిగిలిన పొగను తోసేస్తుంది, సిలిండర్‌ను చల్లబరుస్తుంది కూడా. మూడో సమస్య తీరిపోయింది. తక్కువ ఎఫిషియెన్సీ ఉన్న టర్బైన్‌తో కూడా పని జరిగింది.

ఇప్పుడు కార్ల యాడ్స్‌లో ట్విన్ స్క్రోల్ టర్బో అని గొప్పగా చెబుతారు చూడండి, అందులో ఉన్నది ఈ సూత్రమే. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 1, 4 ఒక దారి, 2, 3 ఇంకో దారి.

ఫలితం సముద్రం మీద కనిపించింది. ప్రాయిసెన్, హాన్సెస్టాట్ డాన్‌జిగ్ అనే రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల్లోని డీజిల్ ఇంజిన్లకు బ్యూకి పర్యవేక్షణలో టర్బోలు అమర్చారు. 1,750 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ 2,500 ఇచ్చింది. అంటే 40 శాతానికి పైగా పెరుగుదల. 1926లో బ్యూకి సిండికేట్ ఏర్పడింది. టర్బోల తయారీ బ్రౌన్ బొవేరి కంపెనీది, ఇంజిన్ల బాధ్యత వింటర్‌థర్‌లోని స్విస్ లోకోమోటివ్ కంపెనీది. ఇంజినీరింగ్‌తో పాటు కస్టమర్లతో మాట్లాడే పని కూడా బ్యూకిదే. ఐడియా ఉన్నవాడే దాన్ని అవతలివాడికి అర్థమయ్యేలా చెప్పుకోవాలన్నమాట.

ఆయన చూడని కార్లు

ఓడలు, పవర్ స్టేషన్లు, రైలింజన్లు... టర్బో విస్తరిస్తూ పోయింది. 1938లో స్విట్జర్లాండ్‌కే చెందిన సౌరర్ కంపెనీ ట్రక్కుకు టర్బో పెట్టింది. బ్యూకి 1959 అక్టోబర్ 27న, 80 ఏళ్ల వయసులో, పుట్టిన వింటర్‌థర్‌లోనే కన్నుమూశారు. జనం కొనుక్కునే టర్బో కార్లు ఆ తర్వాత మూడేళ్లకు, 1962లో అమెరికాలో వచ్చాయి.

వాటిలో ఒకటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్. ఇంజిన్‌లో నాకింగ్ రాకుండా దానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవం విడిగా పోస్తుండాలి. చాలామంది ఓనర్లు పోయడం మర్చిపోయారు. పవర్ తగ్గింది, ఫిర్యాదులు వచ్చాయి. చివరికి చాలా కార్లలో టర్బోను పీకేసి మామూలు కార్బురేటర్ బిగించారు. టర్బో మంచిదే. చుట్టూ ఉన్న సిస్టమ్, వాడే మనిషి దానికి సిద్ధంగా లేరు. 1905లో బ్యూకికి ఎదురైంది కూడా దాదాపు ఇదే.

మళ్లీ మన బల్ల దగ్గరికి

ఇప్పుడు ఆ పాత డీజిల్ కారు టర్బో మీ ముందుంది. ఆ చిన్న షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అది ఆధారపడేది పలచటి ఆయిల్ పొర మీదే. షాఫ్ట్‌ను వేళ్లతో కదిపి చూస్తే లూజుగా ఊగుతోంది, రెక్కలు డొప్పకు రాసుకున్న గుర్తులున్నాయి. కొత్త కార్ట్రిడ్జ్ వేసి బిల్లు రాసేయడం తేలిక. కానీ ఆయిల్ వచ్చే సన్నని పైపు మడ్డి పట్టి మూసుకుపోయి ఉంటే, కొత్తది కూడా అలాగే పోతుంది. ఆయిల్ ఎందుకు అందలేదు? సమయానికి మార్చలేదా? వేగంగా వచ్చి వెంటనే ఇంజిన్ ఆపేయడంతో వేడికి ఆయిల్ మాడిపోయిందా? విరిగిన రెక్క ముక్కలు ఇంటర్‌కూలర్‌లో ఉండిపోయాయా? ముందు ఈ ప్రశ్నలకు జవాబు దొరకాలి. ఆ తర్వాతే బిగింపు.

అప్‌గ్రేడ్ సంగతీ అంతే. పెద్ద టర్బో పెడితే పవర్ వస్తుందనుకుంటారు. బరువైన చక్రం తిరగడానికి టైమ్ తీసుకుంటుంది, బండి ఆలస్యంగా స్పందిస్తుంది. ఎక్కువ గాలికి తగ్గ ఇంధనం, ఇంటర్‌కూలర్, ఆ ఒత్తిడిని తట్టుకునే పిస్టన్లు లేకపోతే ఇంజిన్‌కే ఎసరు. పాతదాన్ని సరైన బ్యాలెన్సింగ్‌తో, శుభ్రమైన ఆయిల్ లైన్‌తో మళ్లీ నిలబెట్టడమే చాలాసార్లు మంచి అప్‌గ్రేడ్.

ఇంటర్వ్యూలో టర్బో గురించి అడిగితే నిర్వచనం అందరూ చెబుతారు. అది ఎందుకు పాడవుతుందో, 1905లో పనిచేయనిది 1925లో ఎలా పనిచేసిందో చెప్పగలిగితే మీరు వేరేగా కనబడతారు. వీలైతే ఒక వారం ఏదైనా టర్బో రిపేర్ షాపులో నిలబడి చూడండి. టైఫాయిడ్ తగ్గిన కుర్రాడు వింటర్‌థర్‌లో చేసింది కూడా అదే కదా.

చివరిగా ఒక్క విషయం. టర్బైన్ పవర్‌ను ఇంజిన్ షాఫ్ట్‌కే కలపాలన్న బ్యూకి మొదటి ఆశ కూడా వృథా పోలేదు. మంచి లోహాలు, మంచి గేర్లు వచ్చాక 1991లో స్కానియా ట్రక్కుల్లో అది పనిచేసింది. కాబట్టి మీ ప్రాజెక్టును ఎవరైనా పక్కన పెడితే డ్రాయింగ్ చించేయకండి. ఏ భాగం ఇంకా సిద్ధంగా లేదో దాని పక్కన రాసుకుని, ఈరోజు చేయగలిగిన భాగంతో పని మొదలుపెట్టండి.