పాట ప్రార్థనయైన వేళ: యోహాన్ సెబాస్టియన్ బాఖ్

ధ్యాన భాగములు: మత్తయి 26, 27 అధ్యాయములు, 2 దినవృత్తాంతములు 5:11-14

ప్రభువు శ్రమలను ధ్యానించు ఈ దినములలో మనము కీర్తనలు విరివిగా పాడుదుము. అవి పెదవుల యొద్దనే ఆగిపోవుచున్నవా, ప్రార్థనలై హృదయములోనికి దిగుచున్నవా? ఈ పరీక్షలో మనకు తోడ్పడగలవాడు జర్మనీ దేశపు సంగీత విద్వాంసుడైన యోహాన్ సెబాస్టియన్ బాఖ్.

ఆయన 1685 మార్చి 21న ఐసెనాఖ్ పట్టణములో జన్మించెను. ఆ ఊరి కొండమీది కోటలోనే మార్టిన్ లూథరు క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి తర్జుమా చేసియుండెను. బాఖ్ పదియేండ్లు నిండకమునుపే తలిదండ్రులనిద్దరిని కోల్పోయి, అన్న యింట పెరిగెను. 1720లో తాను కొలువు చేయుచున్న సంస్థానాధిపతితో దూరప్రయాణము చేసి యింటికి తిరిగివచ్చునప్పటికి, భార్య మరణించి సమాధి చేయబడియుండెను. ఇద్దరు భార్యలవలన ఆయనకు కలిగిన 20 మంది బిడ్డలలో 10 మంది మాత్రమే పెరిగి పెద్దవారైరి. శ్రమను గూర్చి పాడినవాడు శ్రమనెరిగినవాడే.

1723లో ఆయన లైప్‌జిగ్ నగరమునకు వచ్చి, పరిశుద్ధ తోమా పాఠశాలలో సంగీతాచార్యుడై, మరణము వరకు 27 ఏండ్లు అక్కడి దేవాలయములలో పరిచర్య చేసెను. ఆ నగరములో ఒక మంచి ఆచారముండెను. శ్రమకాలము వచ్చినప్పుడు, ఒక్క పండుగ దినమున తప్ప, వాద్యములతో కూడిన పెద్ద సంగీతమును నిలిపివేసెడివారు. సాధారణమైన కీర్తనలు మాత్రము వినబడెడివి. ఆ మౌనము తరువాత మంచి శుక్రవారపు సాయంకాల ఆరాధనలో ప్రభువు శ్రమచరిత్రను సంగీతముతో వినిపించెడివారు. బాఖ్ 1724లో యోహాను సువార్తను అనుసరించి ఒకటి సమకూర్చెను. మత్తయి సువార్తను అనుసరించినది 1727లో మొదట పాడబడెనని నేటి పండితులు తలంచుచున్నారు.

ఈ రెండవ దానిలో 26, 27 అధ్యాయములు సాంతముగా గానము చేయబడును. అయితే కథ ఆగకుండ సాగిపోదు. నడుమ నడుమ వాక్యము నిలుచును. ఒక కంఠము ధ్యానించి ప్రార్థించును. గాయక బృందము సంఘమెరిగిన కీర్తన నెత్తుకొనును. రెండు భాగముల మధ్య బోధకుని ప్రసంగముండెడిది.

తనను అప్పగించువాడు వారిలోనే యున్నాడని ప్రభువు చెప్పగా, అది తానేనా అని శిష్యులొక్కొక్కరు అడిగిరి (26:22). ఆ ప్రశ్నకు సువార్తలోని జవాబు రాకమునుపే కీర్తన జవాబిచ్చును. దోషము యూదాది మాత్రమే కాదు, పాడుచున్న మనదియే అని ఒప్పుకొనును. ప్రభువు ప్రాణము విడిచిన వెంటనే (27:50) మరియొక కీర్తన వినబడును. అది సిలువను వర్ణించదు. మన మరణ ఘడియలో ప్రభువు మనలను విడిచిపోవద్దని వేడుకొనును. ఇట్లు వినువారు చూపరులుగా ఉండలేకపోయిరి.

బాఖ్ తరువాత ఈ గ్రంథమును శుభ్రముగా వ్రాసుకొనినప్పుడు సువార్త మాటలను ఎఱ్ఱ సిరాతో వ్రాసెను. తన సంగీత ప్రతులు అనేకములలో మొదట యేసు సహాయము కోరి, చివర మహిమ దేవునికే అని వ్రాయుట ఆయన వాడుక. వ్యాఖ్యానముతో కూడిన ఆయన బైబిలు నేటికిని ఉన్నది. దేవాలయములో గాయకులు ఏకముగా స్తుతింపగా మందిరము మేఘముతో నిండిన వచనమునొద్ద, భక్తితో కూడిన సంగీతమున్నచోట దేవుడు తన కృపతో ఉండునను భావమును ఆయన స్వహస్తముతో వ్రాసికొనెను.

చివరి దినములలో ఆయన చూపు పోయెను. రెండు శస్త్రచికిత్సలు ఫలింపలేదు. 1750 జూలై 28న ఆయన నిద్రించెను. మరుగునపడిన ఆ శ్రమచరిత్రను 1829లో మెండెల్‌సొన్ బెర్లినులో మరల వినిపించెను.

మన సంఘములలో గొప్ప వాద్యబృందములు లేకపోవచ్చును. అయినను ఈ మార్గము మనకందరికి అందుబాటులోనే యున్నది. ఈ వారము మన యిండ్లలో మత్తయి 26వ అధ్యాయమును కొద్దికొద్దిగా చదువుదము. 22వ వచనమునొద్ద ఆగి, కొంతసేపు మౌనముగా నుందము. పిమ్మట మనకు తెలిసిన శ్రమల కీర్తన నొకదానిని, అది మన సొంత జవాబుగా, నిదానముగా పాడుదము.

ప్రార్థన: ప్రభువా, నీ శ్రమలను గూర్చి పాడు మా నోళ్లకు మా హృదయములను జతపరచుము. ఆమేన్.