చేతివేళ్లకు చదువు నేర్పిన తల్లి – మరియా మాంటిస్సోరి

అక్షరం అంటే నశించనిది అని పెద్దలు అర్థం చెప్పారు. అట్టి అక్షరాన్ని పసిబిడ్డకు పరిచయం చేసే రోజును మన సమాజం పండుగగా జరుపుకొంటుంది. హిందువుల ఇళ్లలో పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టుకొని అక్షరాభ్యాసం చేయిస్తారు. ముస్లింల ఇళ్లలో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజుల ప్రాయాన బిస్మిల్లా వేడుక జరిపే ఆచారం ఉన్నది. ఆనాడు బిడ్డకు మిఠాయి ఉంటుంది, కొత్త బట్టలుంటాయి, పెద్దల దీవెన ఉంటుంది. అయితే ఆ మరునాటి నుండి చాలామంది పిల్లలకు మిగిలేది పలక, బలపం, బెత్తం. మొదటి రోజు ఆనందం ప్రతిదినం ఎందుకు ఉండరాదన్న ప్రశ్నకు తన జీవితాన్నే సమాధానంగా ఇచ్చిన విదుషీమణి మరియా మాంటిస్సోరి.

ఆమె 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశంలోని కియరవల్లె అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి ప్రభుత్వోద్యోగి, తల్లి చదువుపై మక్కువ గలది. వైద్యవిద్య పురుషులకే తగినదని భావించిన ఆ కాలంలో మరియా రోమ్ విశ్వవిద్యాలయంలో చేరారు. పురుష విద్యార్థులతో కలిసి శవచ్ఛేదనం చేయడం స్త్రీకి తగదని ఆక్షేపించగా, అందరూ వెళ్లిపోయిన తరువాత ఒంటరిగా ఆ పని చేశారు. 1896లో పట్టభద్రురాలై, ఇటలీలోని తొలి మహిళా వైద్యులలో ఒకరయ్యారు.

వైద్యురాలిగా ఆమె దృష్టి మొదట బుద్ధిమాంద్యం గల పిల్లలపై పడింది. వారికి మందుల కంటె శిక్షణ అవసరమని గ్రహించి, ఫ్రెంచి వైద్యులైన ఇటార్డ్, సెగాన్‌ల గ్రంథాలను శ్రద్ధగా అధ్యయనం చేశారు. 1900లో అట్టి పిల్లల కోసం రోమ్‌లో నెలకొల్పిన పాఠశాలకు సహ సంచాలకురాలయ్యారు. అక్కడ ఒక బాలికకు ఎంత ప్రయత్నించినా కుట్టుపని పట్టుబడలేదు. ఆమెకు కాగితపు పట్టీలతో చాప అల్లడం నేర్పించారు. కొన్నాళ్లకు మళ్లీ సూది చేతికి ఇవ్వగా ఆ బాలిక సునాయాసంగా కుట్టింది. ఈ చిన్న సంఘటనలో మాంటిస్సోరికి ఒక గొప్ప సూత్రం గోచరించింది. ఏ పనినైనా చేయించడానికి ముందు, ఆ పనికి కావలసిన కదలికను మరొక ఆటలో చేతికి అలవాటు చేయాలి. ఈ పద్ధతిలో శిక్షణ పొందిన ఆమె విద్యార్థులు కొందరు సాధారణ పాఠశాలల పరీక్షలలో చదవను, వ్రాయను సమర్థులని తేలారు. లోకమంతా దానిని అద్భుతమని పొగడింది. ఆమెకు మాత్రం ఆరోగ్యవంతులైన పిల్లలు అంతకు మించి ఎందుకు ఎదగడం లేదన్న విచారం కలిగింది.

ఆ విచారానికి పరిష్కారం వెదికే అవకాశం 1907 జనవరి 6న లభించింది. రోమ్ నగరంలోని శాన్ లొరెంజో కూలీలు నివసించే పేదవాడ. ఒక గృహనిర్మాణ సంస్థ అక్కడి ఇళ్లను బాగుచేయించింది. తలిదండ్రులు పనికి వెళ్లగా ఒంటరిగా మిగిలిన పిల్లలు గోడలు పాడుచేస్తున్నారని, వారిని ఒకచోట కూర్చోబెట్టే బాధ్యతను మాంటిస్సోరికి అప్పగించింది. అదే ‘బాలల గృహం’. తలిదండ్రులలో చాలామంది నిరక్షరాస్యులు. ఆరేళ్లు నిండనిదే చదువు చెప్పరాదన్న నాటి అభిప్రాయాన్ని మాంటిస్సోరి కూడ మొదట్లో మన్నించారు. కాని తమ బిడ్డలకు అక్షరాలు నేర్పించమని ఆ తల్లులే వచ్చి ప్రాధేయపడ్డారు. పేద తల్లుల ఆ కోరికే విద్యాచరిత్రను ఒక మలుపు తిప్పింది.

మునుపటి పాఠశాలలో వాడిన కొయ్య అక్షరాల వంటివి మళ్లీ చేయించడానికి పనివారు దొరకలేదు. అప్పుడామె కాగితం, అట్టలతోనే అక్షరాలు కత్తిరించారు. వడ్రంగులు చెక్కను నునుపు చేయడానికి వాడే ఉప్పుకాగితంతో అక్షరాలు చేసి నున్నని అట్టలపై అతికించారు. వ్రాసే క్రమంలోనే బిడ్డ వాటిపై వేళ్లు నడిపేవాడు. దారి తప్పితే నున్నదనం తగిలి వేలే తప్పును చెప్పేది. గురువు గద్దించవలసిన పని లేదు. కళ్లు మూసుకొని అక్షరాన్ని గుర్తుపట్టడం పిల్లలకు వేడుకైన ఆటగా మారింది. వేలు నడుస్తుండగా ఉపాధ్యాయిని అక్షరం పేరును గాక దాని ధ్వనిని పలికేది. తరువాత ఆ ధ్వని గల అక్షరాన్ని ఇమ్మనేది. చివరకు చూపి, ఇది ఏమిటని అడిగేది. తప్పు చెబితే మందలింపు లేదు. పాఠం మరొకనాటికి వాయిదా పడేది, అంతే.

మరొక వంక లోహపు చట్రాలలోని వృత్త, త్రికోణాది ఆకారాల అంచుల వెంట గీతలు గీసి, వాటిని రంగు పెన్సిళ్లతో నింపేవారు. పెన్సిలు పట్టడం ఈ ఆటతో చేతికి వచ్చేది. అచ్చులకొక రంగు, హల్లులకొక రంగు గల అట్ట అక్షరాలను పేర్చి మాటలు కూర్చేవారు. ఇలా కన్ను, చెవి, చేయి వేర్వేరుగా సిద్ధమయ్యాయి.

1907 డిసెంబరులో ఒక ఎండపొద్దున మాంటిస్సోరి పిల్లలతో మేడపైకి వెళ్లారు. ఐదేళ్ల బాలునికి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టం బొమ్మ వేయమన్నారు. అతడు బొమ్మ వేసి, ఉత్సాహంతో దాని ప్రక్కన మాటలు వ్రాయసాగాడు. తనకు వ్రాయడం వచ్చునని ఆనందంతో కేకలు వేశాడు. తక్కిన పిల్లలు గుమిగూడి తామూ సుద్దముక్కలు అందుకున్నారు. కొద్ది దినాలలో నేల, తలుపులు, గోడలు అక్షరమయమైనాయి. ఎవరూ వారిచేత ఒక్క పంక్తి దిద్దించలేదు. వ్రాయడం ముందు వచ్చి, చదవడం తరువాత వచ్చింది. ఈ అనుభవాన్ని ఆమె 1909లో గ్రంథస్థం చేయగా అది ప్రపంచమంతటా వ్యాపించింది.

ఆమె జీవితమంతా పూలబాట కాదు. 1924 నుండి ముస్సోలినీ ప్రభుత్వం ఆమె పాఠశాలలకు అండ ఇవ్వగా ఆమె స్వీకరించారు. ఆ స్వీకారాన్ని విమర్శించినవారున్నారు. కాని స్వేచ్ఛ నేర్పే విద్యకు, నియంతృత్వానికి పొత్తు కుదరలేదు. 1934లో ఆ బంధం తెగిపోయింది. ఆమె స్వదేశం విడిచారు. 1936లో అంతర్యుద్ధం వల్ల స్పెయిన్ కూడ విడిచి నెదర్లాండ్స్ చేరారు.

మన దేశంతో ఆమె అనుబంధం చిరస్మరణీయం. 1931లో లండన్‌లో గాంధీజీ ఆమెను కలుసుకొన్నారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై కుమారుడు మారియోతో మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించారు. 1940లో ఇటలీ యుద్ధంలో దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించి, ఆమె సంచారంపై ఆంక్షలు విధించింది. ఆమె 70వ జన్మదినానికి కానుకగా వైస్రాయి కుమారుని విడుదల చేయించారు. అడయారులోను, కొడైకెనాల్‌లోను శిక్షణ సాగించి 1946లో ఐరోపాకు వెళ్లారు. మరుసటి ఏడు తిరిగివచ్చి 1949 వరకు సేవ చేశారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

రెండు లిపుల నడుమ చదువుకొనే మనకు ఆమె జీవితం ప్రత్యేకంగా అవసరం. తెలుగులో ‘క’ అనే అక్షరం పేరే దాని ధ్వని. కష్టమంతా గుణింతాలలో, ఒత్తులలో ఉంటుంది. ఉర్దూలో లామ్, అలిఫ్, లామ్ అని పేర్లు వల్లించిన బిడ్డకు అవి కలిసి ‘లాల్’ ఎలా అయిందో వెంటనే తోచదు. కనుక ధ్వనిని ముందు చెప్పాలన్న ఆమె సూత్రం ఉర్దూ బాలునికి మరింత మేలు చేస్తుంది. పైగా ఉర్దూ అక్షరం మాట మొదట, నడుమ, చివర రూపం మార్చుకొంటుంది గనుక ఒక్క అట్ట చాలదు. ప్రతి రూపానికీ ఒక్కొక్కటి చేయాలి.

విచారించదగిన విషయం ఒకటున్నది. కూలీల బిడ్డల కోసం పుట్టిన ఈ పద్ధతి పేరు నేడు మన నగరాలలో హెచ్చు రుసుము వసూలు చేసే పాఠశాలల పలకలపై తరచు కనిపిస్తుంది. నిజానికి దానికి కావలసినవి అట్ట, ఉప్పుకాగితం, జిగురు, కత్తెర, కొంత ఓర్పు. సెలవు దినాలలో మన విద్యార్థులు కొందరు కూర్చొని తెలుగు, ఉర్దూ అక్షరాల అట్టలు రెండు జతలు తయారుచేసి సమీపంలోని అంగన్‌వాడీ కేంద్రానికి ఇవ్వవచ్చు. కళాశాల పాలకవర్గం ఇందుకు కొద్దిపాటి సహాయం చేస్తే చాలు. ఇంట తొలిసారిగా అక్షరం నేర్చే ఒక బిడ్డ బెత్తానికి భయపడక నవ్వుతూ తన పేరు వ్రాసుకొంటే, శాన్ లొరెంజో తల్లుల కోరిక మన వాడలోనూ నెరవేరినట్లే.